క్రిస్మస్ పద్దు పుస్తకం

(2025 డిసెంబరులో జరిగిన స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి 2021లో రిటైరయినవాణ్ణి. కౌంటరు వెనుక కూర్చునేవాడికి మాట తక్కువ, లెక్క ఎక్కువ. మన కార్యదర్శి గారు ఫోను చేసి, "డిసెంబరు నెల కదా, పాత రోజుల్లో మన చాళ్ళలో క్రిస్మస్‌కు ఎలా తయారయ్యేవారో చెప్పండి, పిల్లలకు పనికొచ్చే మాట కూడా ఒకటి చెప్పండి" అన్నారు. ఆలోచిస్తే రెండూ ఒకే మాట అనిపించింది. అందుకే ఉపన్యాసం రాసుకోకుండా ఈ పుస్తకం తెచ్చాను. ఇది మా ఇంటి క్రిస్మస్ పద్దు పుస్తకం. అట్ట చిరిగిపోతే సిమెంటు సంచి కాగితంతో కుట్టాను. 1974 నుంచి 1984 దాకా మా ఇంట్లో పండుగకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, అంతా ఇందులో ఉంది. రాసింది నేనే. మొదలుపెట్టినప్పుడు నాకు పదమూడేళ్ళు. నాయనకు చదువు రాదు, అమ్మకు సంతకం మాత్రం వచ్చు. అందుకని ఆ పని నాకు పడింది.

మనం ఎక్కడివాళ్ళం

ఈ హాల్లో కూర్చున్నవారిలో చాలామంది తాతముత్తాతలు కామాటిపురాలోనో, వర్లీ చాళ్ళలోనో, పరేల్, ప్రభాదేవి పక్కనో బతికినవారే. పిల్లలకు తెలియకపోవచ్చు గనుక రెండు మాటలు చెబుతాను. కామాటి అంటే మట్టిపని, రాతిపని చేసే కూలి. 18వ శతాబ్దం చివరలో వర్లీ దగ్గర సముద్రపు నీళ్ళు లోపలికి రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేశాక, నీళ్ళు నిలిచే పల్లపు నేల మెల్లమెల్లగా ఆరి మనుషులు ఉండటానికి వీలయింది. నైజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కామాటీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. ఊరికి వారి పేరే నిలిచింది. బొంబాయి నగరంలో రోడ్లకు, కట్టడాలకు చెమటోడ్చినవారిలో మనవాళ్ళు ఉన్నారు. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. మగవారు మిల్లుకు పోతే, ఆడవారు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవారు.

కానీ ఆ పేరు లోకానికి ఇంకో రకంగా తెలుసు. పక్క గల్లీల్లో ఏ బతుకులు ఉండేవో పెద్దలకు తెలుసు, నేను విడమర్చి చెప్పను. దరఖాస్తు ఫారంలో చిరునామా దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగేది. గల్లీ నంబరు, ఖోలీ నంబరు రాసి, ఊరి పేరు ఎగరగొట్టి "బొంబాయి 400008" అని రాసేవాణ్ణి. ఆ భయం ఎంత అనవసరమో ఉద్యోగం వచ్చాక తెలిసింది. కష్టపడి బతికిన చోటు పేరు చెప్పుకోవడానికి మనం సిగ్గుపడవలసిన పని లేదు.

మా తాతది మెదక్ పక్క పల్లె. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కరువులో మెదక్ చర్చి కట్టడం సాగింది. పాస్నెట్ దొర అక్కడి పేదలకు పని చూపించి అన్నం పెట్టించాడు. ఆ చర్చి 1924 డిసెంబరు 25న తెరిచారు, 2024కు నూరేళ్ళు నిండాయి. మా తాత అక్కడ రాళ్ళు మోశాడని నాయన చెప్పేవాడు. పని చేసి తిన్న అన్నం అది, బిచ్చం కాదు అనేవాడు. ఆ మాట మా ఇంట్లో ప్రతి డిసెంబరులో వినబడేది.

పండుగ జనవరిలో మొదలయ్యేది

ఇప్పుడు పుస్తకంలోకి వస్తాను. పిల్లలూ, మీరు క్రిస్మస్ డిసెంబరులో వస్తుందనుకుంటారు. మా ఇంట్లో జనవరిలో మొదలయ్యేది. అమ్మ, మరో పదకొండు మంది ఆడవాళ్ళు కలిసి భిషీ వేసేవారు. మన వైపు చిట్టీ అంటాం, ఇక్కడ భిషీ. నెలకు పది రూపాయలు. పన్నెండు మంది అయితే 120. నెలకొకరు ఎత్తుకుంటారు. అమ్మ ప్రతి ఏడూ డిసెంబరు వంతే అడిగేది. నేను బ్యాంకులో చేరాక గానీ నాకు అర్థం కాలేదు, మొదటి నెల ఎత్తుకున్నవారికి అది అప్పు, చివరి నెల ఎత్తుకున్నవారికి అది పొదుపు. అమ్మకు ఈ మాట ఎవరూ కాలేజీలో చెప్పలేదు.

రెండో ఆదాయం నాయన బోనసు. బొంబాయి మిల్లుల్లో బోనసు దీపావళికి ఇచ్చేవారు. చట్టం ప్రకారం కనీసం 8.33 శాతం, అంటే పన్నెండు నెలల జీతంలో ఒక నెల వంతు. ఏడాదికి ఆరు వేలు సంపాదించే కార్మికుడికి సుమారు 500 రూపాయలు. పక్కింట్లో ఆ డబ్బు దీపావళికి ఖర్చయిపోయేది, వారి పండుగ అది. మాకు మాత్రం ఆ డబ్బు రెండు నెలలు ఆగాలి. ఇదే కష్టం. దుకాణం బాకీ, ఊరికి పంపవలసింది, జబ్బులు, అన్నీ ఆ రెండు నెలల్లోనే గుర్తొస్తాయి. అమ్మ 120 రూపాయలు తీసి గుడ్డలో ముడి వేసి, మాళా మీద పిండి డబ్బా అడుగున పెట్టేది. నాయన అడిగినా తీసేది కాదు.

1978 పేజీ చదువుతాను. సున్నం, నీలి, కుంచె 7 రూపాయలు. చెల్లెకు గౌను గుడ్డ, కుట్టు కూలి 24. నాకు చొక్కా 27. అమ్మకు చీర 45. నాయనకు ధోతి 18. మైదా, రవ్వ, చక్కెర, కొబ్బరి, పుట్నాలు 31. నూనె, కిరోసిన్ 26. బేకరీ కూలి 4. మటన్ రెండు కిలోలు 28. బియ్యం, మసాలా 17. స్టారు 3. గుడిలో కానుక 10. మొత్తం 240. భిషీ 120, బోనసు 120. పైసా మిగల్లేదు, పైసా అప్పు లేదు.

ఈ అంకెల వెనుక పనులు చాలా ఉండేవి. నవంబరు చివరి ఆదివారం సామాను అంతా వరండాలోకి తెచ్చి ఖోలీకి సున్నం వేసేవాళ్ళం. పది అడుగుల గదే కాబట్టి సాయంత్రానికి అయిపోయేది. చుట్టుపక్కల ఎవరూ ఎందుకు సామాను బయట పెట్టారని అడిగేవారు కాదు, పక్క ఖోలీ పెద్దమ్మ మాకు ఆ పూట అన్నం పంపేది. టైలరు దగ్గర డిసెంబరు మొదటి వారంలోగా గుడ్డ పడకపోతే పండుగకు రాదు. గరిజెలు కాల్చడానికి కిరోసిన్ కావాలి, దానికి రేషను దుకాణం ముందు డబ్బాలు వరుసలో పెట్టి నేనూ చెల్లె వంతులవారీగా కాపలా ఉండేవాళ్ళం. దీపావళికి రేషన్లో చక్కెర కాస్త ఎక్కువ ఇచ్చేవారు. ఆ చక్కెరలో సగం అమ్మ క్రిస్మస్‌కు దాచేది, ఆ రెండు నెలలు మా ఇంట్లో చాయ కొంచెం చప్పగా ఉండేది.

గరిజెల సంగతి చెప్పాలి. పుట్నాల పొడి, చక్కెర, ఎండు కొబ్బరి కలిపి లోపల పెట్టి, అంచులు మడిచి నూనెలో కాలుస్తాం కదా. పక్కింటి మరాఠీ వాళ్ళు దీపావళికి అవే చేసి కరంజీ అనేవారు. కింది అంతస్తులో ఉండే గోవా కుటుంబం క్రిస్మస్‌కు అవే చేసి నెవరీ అనేవారు. మూడు పేర్లు, రూపం ఒకటే. నాన్‌ఖటాయి మాత్రం ఇంట్లో అయ్యేది కాదు. పిండి కలిపి, రేకు తట్టల్లో గుండ్రంగా పేర్చి, బేకరీ భట్టీకి తీసుకుపోయేవాళ్ళం. అందరి తట్టలూ కలిసిపోకుండా తట్ట మూలకు గుర్తు పెట్టుకోవాలి. మాది ఎర్ర దారం.

స్టారుకు దుకాణంలో డబ్బు పెట్టేవాళ్ళం కాదు. పద్దులో ఉన్న 3 రూపాయలు పతంగి కాగితానికీ, కొవ్వొత్తులకూ. వెదురు పుల్లలు దీపావళి కందీలువి. పండుగ అయ్యాక పక్కింటివాళ్ళు కందీలు దింపి పుల్లలు మాకిచ్చేవారు, నాయన వాటిని విప్పి స్టారు కట్టేవాడు. వరండాలో మేకు కూడా అదే. అక్టోబరులో వాళ్ళ కందీలు వేలాడిన మేకుకే డిసెంబరులో మా స్టారు వేలాడేది.

రాత్రిళ్ళు క్యారల్సు ఉండేవి. డోలక్, గంజీర పట్టుకొని కామాటిపురా నుంచి బయలుదేరి, సాత్ రస్తా మీదుగా వర్లీ చాళ్ళ దాకా నడిచేవాళ్ళం. రెండో పాళీ రాత్రి పన్నెండుకు విడిచేది. మిల్లు నుంచి ఇంటికి పోతున్న తండ్రులు, దూది పీచు తలలో ఉండగానే, దారిలో మాతో కలిసేవారు. హిందువుల ఇళ్ళ ముందు కూడా ఒక పాట పాడమని అడిగేవారు, చాయ ఇచ్చేవారు. పండుగ రోజు తెల్లవారుజామున ఆరాధన. కుళాయికి నీళ్ళు వచ్చేది నాలుగింటికి గనుక, మూడున్నరకే బకెట్లు పెట్టి, స్నానాలు చేసి, కొత్త బట్టలతో చలిలో నడిచి గుడికి పోయేవాళ్ళం. తిరిగి వచ్చాక మొదటి పని భోజనం కాదు. పళ్ళాలు పంచడం.

పళ్ళెం గురించి ఒక నియమం ఉండేది, మీ ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఇంకొకరి ఇంటి నుంచి వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర వేసి పంపాలి.

1982

ఇప్పుడు 1982 పేజీ. ఆ ఏడు జనవరి 18న బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వం. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. నెలో రెండు నెలలో అనుకున్నారు. అది సంవత్సరం దాటింది, అధికారికంగా ఎవరూ విరమించలేదు. ఎంతోమంది మళ్ళీ మిల్లు గేటు లోపలికి పోలేదు. మా నాయన అందులో ఒకడు. తర్వాత వాచ్‌మన్‌గా పనిచేశాడు.

సమ్మె మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ వద్దు. మా ఇంటి లెక్క మాత్రం చెబుతాను. పగారు లేదు, బోనసు లేదు. అమ్మ చుట్టే బీడీల డబ్బే ఇల్లు నడిపేది. భిషీ మే దాకా కట్టింది, జూన్ నుంచి కట్టలేకపోయింది. నియమం ప్రకారం మధ్యలో మానేసినవారికి ఇవ్వనక్కరలేదు. అయినా భిషీ నడిపే అత్త డిసెంబరులో వచ్చి, "నీవు కట్టిన యాభై నీవి, తీస్కో అక్కా" అని చేతిలో పెట్టి పోయింది. వాళ్ళాయన కూడా సమ్మెలోనే ఉన్నాడు.

యాభై రూపాయలు. నేను ఆ ఏడే బీకాం పాసయ్యాను. బ్యాంకు గుమాస్తా ఉద్యోగానికి టైపింగు ఉంటే మేలు అన్నారు. ఇన్‌స్టిట్యూటులో బాకీ పడ్డాను. బాకీ, పరీక్ష ఫీజు కలిపి 38 రూపాయలు. ఆ నెలలోనే కట్టాలి. అమ్మ ఏమీ అనకుండా 38 లెక్కపెట్టి ఇచ్చింది. 12 మిగిలాయి.

మా చెల్లెకు అప్పుడు పన్నెండేళ్ళు. గ్రాంట్ రోడ్డు దుకాణంలో పసుపు పచ్చ గుడ్డ మీద చిన్న పూలున్నది చూసి పెట్టుకుంది. అది రాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. అమ్మ పాత గౌను అంచు విప్పి కిందికి దించింది. పాత మడత ఉన్న చోట ముదురు రంగు గీత ఒకటి గుండ్రంగా కనబడేది. గుడిలో పిల్లలు అడిగితే చెల్లె, "ఇది కొత్త ఫ్యాషన్" అని చెప్పింది. నేను విన్నాను.

12 రూపాయల పద్దు ఇదీ. అర కిలో మైదా 2, అర కిలో చక్కెర 3, పుట్నాలు, కొబ్బరి 3, నూనె, కిరోసిన్ 3, కానుక 1. సున్నం లేదు, మటన్ లేదు. స్టారుకు కాగితం పక్కింటివాళ్ళు ఇచ్చారు. అతికించడానికి మైదాతో లయి కాయాలి కదా, అమ్మ చెంచా పిండి చేతిలో పట్టుకొని కాసేపు నిలబడింది. తర్వాత వేసింది.

గరిజెలు నలభై అయ్యాయి. మా అంతస్తులో మాది తీస్తే 18 ఖోలీలు. ఇంటికి రెండు చొప్పున 36. మాకు నలుగురికీ నాలుగు. నాయన కోపానికి వచ్చి, "ఇంట్ల పిల్లలకు లేదు, ఊరందరికీ పంచుతవా?" అన్నాడు. అమ్మ తలెత్తకుండానే, "దీపావళికి వాళ్ళు పంపిన్రు. వాళ్ళ ఇండ్లల్ల మాత్రం పగారు వచ్చిందా? పళ్ళెం ఖాళీగ ఎట్ల పంపుతం?" అంది.

నేనూ చెల్లె 18 ఇళ్ళకూ పంచాం. గంటలో పళ్ళాలు తిరిగి వచ్చాయి. ఒకదాంట్లో గుప్పెడు బియ్యం, ఒకదాంట్లో బెల్లం ముక్క, ఒకదాంట్లో రెండు ఉల్లిగడ్డలు, చాయ పొడి, కొబ్బరి చిప్ప, నాలుగు ఆలుగడ్డలు. ఒక్క పళ్ళెం కూడా ఖాళీగా రాలేదు. ఆ బియ్యం అన్నీ కలిపి అమ్మ బగారన్నం వండింది. ఆ ఏడు మా క్రిస్మస్ భోజనం అదే.

ఇంత వరకు చెప్పి ఆపితే మీరు చప్పట్లు కొడతారు. నేను చాలా ఏళ్ళు ఇక్కడే ఆపేవాణ్ణి. గుడిలో, యూనియన్ సమావేశాల్లో ఈ కథ చాలాసార్లు చెప్పాను.

కలవని లెక్క

టైపింగు పరీక్ష పాసయ్యాను. బ్యాంకు రాత పరీక్ష రాశాను. 1984లో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో సున్నం మళ్ళీ పడింది, మటన్ వచ్చింది. పద్దు పుస్తకం రాయడం అక్కడితో ఆపేశాను. లెక్క చూసుకోవలసిన అవసరం తీరిందనుకున్నాను.

2021లో రిటైరయ్యాక పాత కాగితాలు సర్దుతుంటే ఈ పుస్తకం దొరికింది. గుమాస్తా అలవాటు పోదు కదా, ప్రతి పేజీ కూడి చూశాను. పదకొండేళ్ళలో పది పేజీలు సరిపోయాయి. 1982 పేజీ సరిపోలేదు. జమ 50. ఖర్చు 12. నిల్వ ఏమీ లేదు. 38 రూపాయలు ఎక్కడా లేవు.

బ్యాంకులో సాయంత్రం క్యాషు పది పైసలు తేడా వచ్చినా ఇంటికి కదలనిచ్చేవారు కాదు. ముప్పై ఏడేళ్ళు అలా పనిచేసినవాడి సొంత పుస్తకంలో 38 రూపాయలు లేవు. మరిచిపోయి కాదు. ఇరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, బీకాం పాసయినవాణ్ణి, ఆ అంకె రాయడానికి సిగ్గుపడ్డాను. రాస్తే చెల్లె గౌను నేను తీసుకున్నట్టు కాగితం మీద కనబడుతుంది. కనుక రాయలేదు.

ఎర్ర సిరాతో ఆ పద్దు రాసి, పుస్తకం పట్టుకొని మా చెల్లె ఇంటికి పోయాను. ఆమెను వర్లీ బీడీడీ చాల్‌కు ఇచ్చాం. డిసెంబరే. ఆమె నేల మీద కూర్చుని గరిజెల అంచులు మడుస్తోంది. పేజీ చూపించి, "ఆ ఏడు నీ గౌను డబ్బులు నేను తీస్కున్న, పద్దులో కూడా రాయలే" అన్నాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె పుస్తకం వంక ఒకసారి చూసి, చేతిలో పని ఆపకుండానే అంది: "గౌను సంగతి నాకు యాది లేదన్నా. నన్ను ఎనిమిదోదికి పంపకపోతిరి, అది యాదికున్నది."

అది నిజం. మున్సిపాలిటీ తెలుగు బడి ఏడో తరగతితో అయిపోయింది. 1983 జూన్‌లో ఆమెను ఎనిమిదో తరగతిలో చేర్చలేదు. ఫీజు పెద్దది కాదు. ఆమె చుట్టే బీడీలు కావాలి. నేను బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్నాను కనుక నా చేతులు ఖాళీ లేవు, ఆమె చేతులు కావాలి. చదువు మాన్పిస్తున్నామని ఎవరూ అనలేదు. ఫారం తేలేదు, అంతే. ఫారం తేవలసినవాణ్ణి ఆ ఇంట్లో చదువుకున్న నేనే. ఈ సంగతి నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. 38 రూపాయలకైనా ఒక ఖాళీ చోటు ఉంది, దీనికి అదీ లేదు.

నలభై ఏళ్ళు నేను గౌను గురించి బాధపడ్డాను. బాధపడటానికి అది తేలిక. కొత్త గౌను కొనిస్తే తీరిపోయే అప్పు. ఉద్యోగం వచ్చిన మొదటి క్రిస్మస్‌కే ఆమెకు రెండు జతల బట్టలు కొన్నాను కూడా. ఆమెకు కావలసింది అది కాదని అడిగి తెలుసుకోలేదు. ఆమె మాత్రం బీడీలు చుట్టి, ఇళ్ళల్లో పనిచేసి, తన కూతుర్ని బీకాం చదివించుకుంది. ఫీజులకు నేను కొంత ఇచ్చిన మాట నిజమే. అది వడ్డీకి కూడా చాలదు. పళ్ళెం ఖాళీగా పంపకూడదని పుట్టినప్పటి నుంచి విన్న ఇంట్లో, నేను ఖాళీగా పంపిన పళ్ళెం అది.

తల్లిదండ్రులకు, పిల్లలకు

తల్లిదండ్రులకు ఒక మనవి. ఒక పిల్లవాణ్ణి చదివించడం కోసం ఇంట్లో ఎవరో ఒకరు తగ్గించుకుంటారు, అది తప్పదు. అమ్మ చాయలో చక్కెర తగ్గించుకుంటుంది, నాయన చెప్పులు కుట్టించుకుంటాడు. పెద్దలు తగ్గించుకోవడం వేరు. ఇంకో బిడ్డ చదువు తగ్గించడం వేరు. ఈ రోజు స్కాలర్‌షిప్పు మీ ఇంట్లో ఎవరి పేరు మీద వచ్చిందో వారి చదువు సరే, ఇంట్లో మిగిలినవారి ఫారాలు వచ్చాయో లేదో రాత్రికి ఒకసారి చూడండి. ముఖ్యంగా ఆడపిల్లది. ట్రస్టు దరఖాస్తు ఒక ఇంటి నుంచి ఒకటే రావాలని ఎవరైనా అనుకుంటుంటే, కార్యదర్శి గారిని అడిగి తెలుసుకోండి, ఊహించుకోకండి.

పండుగ ఖర్చు గురించి గుమాస్తాగా ఒక మాట. ఇప్పుడు డిసెంబరులో ఫోను మీద వేలు పెడితే అప్పు వస్తుంది, బట్టలు వాయిదాల మీద వస్తాయి. జనవరి నుంచి జూన్ దాకా అదే పండుగకు కడుతూ ఉంటారు, ఆ జూన్‌లోనే బడి ఫీజులు కట్టాలి. అమ్మ పద్ధతి తిరగేసినట్టయింది. జనవరిలో బ్యాంకులోనో పోస్టాఫీసులోనో రికరింగు డిపాజిట్ ఒకటి మొదలుపెట్టండి, మీకు వీలయినంతే. దానికి "పండుగ" అని పేరు పెట్టుకోండి, ఇంకోటి "ఫీజు" అని పెట్టుకోండి. రెండూ కలపకండి.

పిల్లలకు చెప్పేది కూడా లెక్కే. మీరు ఒక పుస్తకం పెట్టుకోండి. మీ చదువుకు ఎవరు ఎంత ఇచ్చారో రాయండి. ట్రస్టు ఇచ్చింది రాయడం తేలిక, రసీదు ఉంటుంది. రసీదు లేనివి రాయండి. రాయడానికి సిగ్గు వేసే పద్దు ఏదైనా ఉంటే దాన్ని ముందు రాయండి. ఎవరికి బాకీ ఉన్నారో వాళ్ళనే అడగండి, నీకు ఏం కావాలి అని. మీరే ఊహించుకొని గౌను కొనిచ్చి రాకండి. నాలాగా నలభై ఏళ్ళు ఆగకండి.

చివరగా మా చెల్లె సంగతి. వర్లీ బీడీడీ చాళ్ళ స్థలంలో కొత్త భవనాలు కట్టి, 2025 ఆగస్టు 14న మొదటి 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చిన సంగతి మీరు పేపర్లో చదివే ఉంటారు. అందులో ఆమె కుటుంబం ఒకటి. 160 చదరపు అడుగుల ఖోలీ నుంచి 500 చదరపు అడుగుల ఇంటికి మారింది. మోరీ పక్కన వంట చేసుకున్న మనిషికి వేరే వంటగది వచ్చింది. కామాటిపురాలో కూడా పాత కట్టడాల స్థానంలో కొత్తవి కట్టించే ఏర్పాట్లు సాగుతున్నాయి. మంచిదే, పై కప్పులు ఊడి పడే గదుల్లో బతకమని ఎవరూ అనరు.

మొన్న ఫోను చేసి, "అన్నా, ఇక్కడ అందరి తలుపులు మూసే ఉంటయి. వరండా లేదు. పళ్ళాలు ఎట్ల పంచాలె?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఈసారి ఆమె ఏం కావాలని అడుగుతుందో వినాలని ఆగాను. "నీవు, మనుమరాలు వచ్చి నాతో గంటలు కొట్టండి, నాకు ఒక్కదానికి మొగమాటం" అంది. 24 సాయంత్రం పోతున్నాం. ఎన్ని ఇళ్ళో లెక్కపెట్టుకొని ఆమె ఇప్పటికే పిండి తెచ్చి పెట్టుకుంది.

స్కాలర్‌షిప్పులు అందుకున్న పిల్లలందరికీ నా అభినందనలు. వచ్చే సంవత్సరం ఈ హాల్లోనే మిమ్మల్ని మళ్ళీ చూడాలని, మీతో పాటు మీ చెల్లెళ్ళ పేర్లు కూడా ఇక్కడ పిలవాలని కోరుకుంటూ, అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.